ఆయిలు వయసు మీటరులో కనబడదు

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో తిరిగే టిప్పరు ఒకటి, గుంటూరు యార్డు నుంచి కలకత్తాకు మిర్చి టిక్కీలు మోసే లారీ ఒకటి. రెండూ ఒకే కంపెనీవి, ఇంజన్ కూడా ఒకటే, రెండింట్లోనూ ఒకే రకం సింథటిక్ ఆయిలు పోశారనుకుందాం. టిప్పరు గుంతలోంచి రాయి ఎత్తుకుని మొదటి గేరు, రెండో గేరు దాటకుండా మూలుగుతూ పైకొస్తుంది. లోడింగు దగ్గర ఇంజన్ ఆపకుండానే నిలబడుతుంది. రోజంతా రాతిదుమ్ములోనే దాని బతుకు. మిర్చి లారీ హైవేలో పడిందంటే టాప్ గేరులో పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ఒకే ఊపున పోతుంది. ఇద్దరు ఓనర్లూ అడిగేది మాత్రం ఒకే ప్రశ్న: "సింథటిక్ పోయించాం కదా, ఇక ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?"

విజయవాడ ఆటోనగర్లో ఈ ప్రశ్న వేస్తే మూడు షెడ్లలో మూడు జవాబులు వస్తాయి. పాతకాలం మేస్త్రి తొమ్మిది పదివేలు దాటనివ్వడు. ఆయిలు షాపాయన డబ్బా చూపించి నలభై వేలంటాడు. బండితో వచ్చిన కంపెనీ పుస్తకం ఇంకో అంకె చెబుతుంది. కొత్త బీఎస్-6 భారీ వాహనాల్లో కొన్నింటికి లక్ష కిలోమీటర్లు దాటిన అంకెలు కూడా కనిపిస్తాయి. వీళ్లలో అబద్ధమాడుతున్నవాళ్లు ఎవరూ లేరు. ఒక్కొక్కరు ఒక్కో ఇంజన్, ఒక్కో డీజిల్, ఒక్కో రోడ్డు మనసులో పెట్టుకుని చెబుతున్నారు. తంటా అంతా, జవాబు కిలోమీటర్లలోనే కావాలని మనం పట్టుబట్టడంలో ఉంది.

అసలు ఇంజన్ అడుగున చాంబరులో ఉన్న ఆయిలు ఏం చేస్తుందో చూద్దాం. ఇనుముకూ ఇనుముకూ మధ్య జారుడు కోసం అని అందరికీ తెలుసు. క్రాంక్ షాఫ్టు తిరుగుతున్నప్పుడు చుట్టూ ఉన్న ఆయిలును తనతో పాటు లాక్కుంటూ, ఆ ఒత్తిడి మీద తేలుతుంది. సరిగ్గా నడుస్తున్న ఇంజన్లో షాఫ్టు బేరింగును తాకదు. మధ్యలో ఉండే పొర మందం కొద్ది మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి, ఎంత పలచటి పొర మీద టన్నుల భారం నడుస్తోందో ఊహించుకోవచ్చు. అయితే ఆయిలు పని అంతటితో అయిపోదు. పిస్టన్ల అడుగున చిమ్మి వాటి వేడి లాగుతుంది. రింగుల దగ్గర సందు మూసి కంప్రెషన్ నిలబెడుతుంది. డీజిల్ కాలగా పుట్టిన మసిని, ఆమ్లాన్ని, అరిగిన లోహపు పొడిని తనలో కలుపుకుని మోస్తుంది. ఆయిలు ఎప్పుడు మార్చాలన్న సంగతి ఎక్కువగా ఈ చివరి పని మీదే ఆధారపడి ఉంది. జారుడు గుణం పోయిందని ఆయిలు మార్చడం చాలా అరుదు. మోయగలిగినంత మోసేసింది కాబట్టి మారుస్తాం.

మోసే శక్తి ఎక్కడినుంచి వస్తుంది? లారీ ఆయిల్లో అసలు నూనె, అంటే బేస్ ఆయిలు, సుమారు నాలుగు వంతులు. మిగిలిన అయిదో వంతు అటూ ఇటూగా రసాయనాలు. ఆమ్లాన్ని విరిచేందుకు కాల్షియం, మెగ్నీషియం కలిసిన డిటర్జెంట్లు, మసిరేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే డిస్పర్సెంట్లు, లోహం మీద పలచటి రక్షణ పొర కట్టే జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం, వేడిలో మరీ పలచబడకుండా చిక్కదనం నిలిపే పొడవాటి పాలిమర్లు, నురుగు రాకుండా కాస్త సిలికోను. ఇవన్నీ పనిచేస్తూ ఖర్చయిపోతాయి. బేస్ ఆయిలు ఎంత గొప్పదైనా ఈ సరుకు అయిపోయాక చేయగలిగింది తక్కువ. సింథటిక్ గురించిన చర్చ అంతటిలోనూ ఇది గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే సింథటిక్ అనే గుణం బేస్ ఆయిలుది, రసాయనాలది కాదు.

డీజిల్ ఇంజన్ ఆయిలుకు మొదటి శత్రువు మసి. పెట్రోలు ఇంజన్లో ఇంధనం, గాలి ముందే కలిసి మండుతాయి. డీజిల్లో మండే వేళకు చుక్కలు చుక్కలుగా చిమ్ముతారు. చుక్క నడిమధ్యన గాలి చాలక మసి పుడుతుంది. చాలావరకు సిలిండర్లోనే కాలిపోయి, ఇంకొంత సైలెన్సరు దారి పట్టినా, కొంత లైనరు గోడమీది ఆయిలులో చిక్కి రింగులు గీకగా చాంబరులోకి దిగుతుంది. ఒక్కొక్క మసిరేణువు మైక్రాన్లో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మామూలు ఆయిల్ ఫిల్టరు పట్టేది ఇరవై ముప్పై మైక్రాన్ల చెత్త. అంటే ఫిల్టరు ఎంత కొత్తదైనా మసి దానిలోంచి దర్జాగా వెళ్లిపోతుంది. దాన్ని అదుపులో పెట్టేది డిస్పర్సెంట్లే. అవి చాలినన్ని ఉన్నంతకాలం ప్రతి రేణువునూ చుట్టుకుని విడిగా తేలేలా చూస్తాయి. అవి అయిపోయాక మసి, సరిగ్గా కలియబెట్టని ఉప్మా మాదిరి ఉండలు కడుతుంది. ఆయిలు చిక్కబడుతుంది, సన్నటి దారుల్లోకి ఎక్కదు. వాల్వు యంత్రాంగం మీద జింకు కట్టిన పొరను ఆ ఉండలు గీకి పడేస్తాయి.

కాబట్టి ఆయిలు నల్లబడిందని మార్చేవాళ్లు డబ్బు పారబోసుకుంటున్నట్టే. డీజిల్ బండిలో ఈరోజు పోసిన ఆయిలు రేపటికల్లా నల్లబడొచ్చు. మసిని అది మోస్తోందనే దానర్థం. నిజానికి, మసి పుట్టే ఇంజన్లో ఆయిలు తేటగా ఉంటేనే అనుమానపడాలి. మసి ఎక్కడో ఒకచోట పేరుకుంటూ ఉండాలి కదా. వేళ్ల మధ్య రుద్ది "జిగి పోయింది" అని తీర్పు చెప్పే మేస్త్రులున్నారు. వాళ్ల అనుభవాన్ని కాదనలేం గాని, నలభై డిగ్రీల ఎండలో వేళ్ల మధ్య ఆయిలు, నూట పది డిగ్రీల వేడి చాంబరులో ఆయిలు ఒకటి కావు.

వేలికంటే నమ్మదగిన పని కాగితం చేస్తుంది. ఇంజన్ వేడిగా ఉండగా డిప్‌స్టిక్ తీసి, దాని కొసనున్న ఒక్క చుక్కను ఫిల్టరు కాగితం మీద పడనివ్వాలి. కాగితం కింద ఏదీ తగలకుండా గ్లాసు మూతి మీద పరిచి కొన్ని గంటలు వదిలేయాలి. డిస్పర్సెంట్లు బతికి ఉన్న ఆయిలయితే మసి నూనెతో పాటే బయటికి పాకుతుంది. మధ్య నుంచి అంచు దాకా బూడిదరంగు మెల్లగా పలచబడుతూ గుండ్రంగా పరుచుకుంటుంది. ఆ చుట్టూ పసుపురంగు నూనె వలయం. రసాయనాలు చచ్చిపోయిన ఆయిలులో మసి కదలదు. నడిమధ్య పదునైన అంచుతో చిక్కటి నల్లచుక్క నిలిచిపోతుంది, నూనె మాత్రం దాన్ని వదిలేసి పక్కకు పోతుంది. కూలెంటు నీళ్లు కలిసిన ఆయిలయితే మరక అంచులు గజిబిజిగా వస్తాయి. ఇది ప్రయోగశాల పరీక్షకు సాటి రాదు, అంకెలు ఇవ్వదు. కానీ ఒకే బండికి ప్రతి అయిదువేల కిలోమీటర్లకూ ఒక చుక్క వేసి తేదీ రాసి వరసగా పెట్టుకుంటే ఆయిలు ఎప్పుడు అలిసిపోతోందో కళ్లకు కడుతుంది.

రెండో శత్రువు ఆమ్లం. ఇక్కడే పాత మేస్త్రి పక్షాన ఒక మాట చెప్పాలి. 1990ల మొదట్లో మన దేశంలో డీజిల్లో గంధకం ఒక శాతం దాకా ఉండేది, అంటే పది లక్షల పాళ్లలో పదివేలు. బీఎస్-3 నాటికి అది 350కి, బీఎస్-4 నాటికి 50కి దిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చిన బీఎస్-6 డీజిల్లో 10కి మించకూడదు. గంధకం కాలితే వచ్చే ఆక్సైడు, పక్కనే ఉన్న నీటి ఆవిరితో కలిస్తే గంధకామ్లమే. నీటికి అక్కడ కొదవలేదు: ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచే శక్తిని టోటల్ బేస్ నంబరు అనే అంకెతో కొలుస్తారు. టీబీఎన్ అంటే అదే. కొత్త ఆయిలులో అది పది అటూ ఇటూ ఉంటుంది. వాడకంలో తగ్గుతూ వస్తుంది. సగానికి పడిపోయినా, అటువైపు పెరుగుతున్న ఆమ్లపు అంకె దీన్ని దాటిపోయినా, ఆయిలుకు నూకలు చెల్లినట్టే లెక్క. ఒక శాతం గంధకమున్న డీజిలుతో ఆ స్థితి ఎంత త్వరగా వచ్చేదో చెప్పక్కర్లేదు. తొమ్మిది వేలకే మార్చాలన్నది మూఢనమ్మకం కాదు, ఆ డీజిలుకు అది సరైన లెక్క. డీజిల్ మారింది, లెక్క మాత్రం నోటినుంచి నోటికి అలాగే వచ్చేసింది.

మూడోది వేడి. చాంబరులో ఆయిలు నూరు డిగ్రీల చుట్టూ ఉన్నా, పై రింగు గాడి దగ్గర, టర్బో బేరింగు దగ్గర రెండు వందలు దాటుతుంది. వేడి నూనెకు గాలి తగిలితే ఆక్సీకరణం జరిగి అది చిక్కబడుతుంది, పులుస్తుంది, జిగటగా వార్నిషు కడుతుంది. ప్రతి పది డిగ్రీలకూ ఈ వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. సింథటిక్ నిజంగా గెలిచేది ఈ పోటీలోనే. భూమిలోంచి తీసిన ముడినూనెను శుద్ధి చేసిన మినరల్ ఆయిలులో చిన్నా పెద్దా, బలమైనవీ బలహీనమైనవీ నానారకాల అణువులుంటాయి. బలహీనమైనవి ముందు విరుగుతాయి, తేలికైనవి ఆవిరైపోతాయి, మైనం జాతివి చలికి గడ్డకడతాయి. సింథటిక్‌లో అణువులు దాదాపు ఒకే తీరున, తెగిపోయే లంకెలు తక్కువగా ఉంటాయి. వేడికి ఓర్చుకుంటుంది, తక్కువ ఆవిరవుతుంది, చలిలో పారుతుంది. లదాఖ్ వెళ్లే బండికి ఈ చివరి గుణం ప్రాణం లాంటిది. నెల్లూరు, ఖమ్మం మధ్య తిరిగే బండికి దానితో పనే లేదు.

డబ్బా మీద సింథటిక్ అని ఉన్న ప్రతిదీ ఒకటి కాదన్నది ఇంకో సంగతి. ఇథిలీన్ వాయువు నుంచి అణువు అణువూ పేర్చి కట్టే పాలీఆల్ఫాఓలెఫిన్ ఒక రకం. ముడినూనెనే హైడ్రోజన్ ఒత్తిడిలో విరగ్గొట్టి, తిరగగట్టి, మలినాలు దాదాపు లేకుండా చేసిన మూడో గ్రూపు నూనె ఇంకో రకం. ఈ రెండోదాన్ని సింథటిక్ అని అమ్మొచ్చా అని అమెరికాలో మోబిల్, కాస్ట్రాల్ కంపెనీలు వాణిజ్య ప్రకటనల వివాదాలు విచారించే సంస్థ ముందుకు వెళ్లాయి. 1999లో తీర్పు కాస్ట్రాల్ వైపు వచ్చింది. అప్పటినుంచి మార్కెట్‌లో సింథటిక్ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో పెద్ద భాగం మూడో గ్రూపుదే. అదేమీ మోసం కాదు. మంచి మూడో గ్రూపు నూనె లారీ ఇంజన్లో బాగానే పనిచేస్తుంది. డబ్బా మీద పెద్దక్షరాల కన్నా వెనకవైపు చిన్నక్షరాల్లో రాసిన ప్రమాణం, అంటే సీఐ-4 ప్లస్సా, సీకే-4ఆ, ఇంజన్ కంపెనీ ఆమోదం ఉందా లేదా అన్నది చూడమనే చెప్పడం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు దగ్గరకొచ్చాం. సింథటిక్ పోస్తే ఆక్సీకరణం నెమ్మదిస్తుంది. మసి పుట్టడం నెమ్మదిస్తుందా? లేదు. చాంబరులో ఏ నూనె ఉందో సిలిండర్లో మండే డీజిలుకు తెలియదు. గంధకం, నీరు, దుమ్ము, ఇంజెక్టరు కారితే దిగే డీజిల్, ఏదీ తగ్గదు. పైన చెప్పిన రసాయనాల సరుకు సింథటిక్ డబ్బాలో రెట్టింపు ఉండదు. సింథటిక్ వాడినంత మాత్రాన ఆయిలు మార్చే గడువు పొడిగించడానికి వీల్లేదని కమిన్స్ కంపెనీ తన ఆయిల్ సిఫారసుల బులెటిన్లో చాలాకాలం స్పష్టంగా రాసింది కూడా. నా ఉద్దేశంలో లారీ ఓనరుకు చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదే: సింథటిక్ నూనెకు ఆయుష్షు పెరుగుతుంది, దాని మీద పడే భారం తగ్గదు. గడువును నిర్ణయించేది చాలా బళ్లలో ఆ భారమే.

మరి భారాన్ని దేంతో కొలవాలి? కాలిన డీజిలుతో. మసి, ఆమ్లం, నీరు, అన్నీ డీజిల్ కాలితేనే పుడతాయి కాబట్టి ఆయిలు మీద పడే బరువు కాల్చిన లీటర్లకు దగ్గరగా నడుస్తుంది. మిర్చి లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకోండి. నలభై వేల కిలోమీటర్లకు అది కాల్చేది పదివేల లీటర్లు. క్వారీ టిప్పరు రెండు కిలోమీటర్లే ఇస్తే అదే పదివేల లీటర్లు ఇరవై వేలకే అయిపోతాయి. గంటల్లో చూస్తే తేడా ఇంకా పెద్దది. లారీ సగటున గంటకు 45 కిలోమీటర్లు పోతే నలభై వేలు అంటే ఇంజన్ తిరిగింది తొమ్మిది వందల గంటల లోపు. టిప్పరు ఎక్కుతూ దిగుతూ ఆగుతూ గంటకు 12 తిరిగితే ఇరవై వేలకు పదహారు వందల గంటలు దాటుతాయి. మీటరు మీద సగం అంకె, గంటల మీద దాదాపు రెట్టింపు వయసు. అమెరికాలో భారీ లారీ ఇంజన్లు చేసే కంపెనీలు బళ్లను మైలేజీని బట్టి తరగతులు చేసి, తక్కువ మైలేజీ ఇచ్చే వాటికి తక్కువ గడువు పెట్టడం వెనక ఉన్నది ఈ తర్కమే.

అమెరికాలో మనవాళ్లు కొందరు వాడే రామ్ పికప్పు సంగతి చూడండి. దానిలోని 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజనుకు పుస్తకంలో మూడు గడువులుంటాయి: 15,000 మైళ్లు, 500 గంటలు, లేదా ఏడాది, ఏది ముందైతే అది. పదిహేను వేలను అయిదు వందలతో భాగిస్తే గంటకు ముప్పై మైళ్లు, అంటే 48 కిలోమీటర్లు. కంపెనీవాడి ఊహలో ఆ బండి సగటు వేగం అదన్నమాట. అంతకన్నా నెమ్మదిగా తిరిగే ప్రతి బండికీ గంటల గడువే ముందొస్తుంది. మన టిప్పరుకు ఆ లెక్కే కడితే ఆరువేల కిలోమీటర్లకే అయిదు వందల గంటలు నిండుతాయి. ఇంజన్ వేరు, చాంబరు పెద్దది కాబట్టి ఆ అంకెను యథాతథంగా తెచ్చి పెట్టుకోమనడం లేదు. కానీ గంటల మీటరు ఉన్న బండికి దాన్ని చూడకుండా కిలోమీటర్లు మాత్రమే చూడటం అన్యాయం. ఐడిల్‌లో నిలిపి ఉంచిన గంటను సుమారు 33 మైళ్ల ప్రయాణంగా లెక్కేయమని ఫోర్డ్ తన పని వాహనాల పుస్తకాల్లో చెప్పింది. ఏసీ కోసమో, హైడ్రాలిక్ కోసమో గంటలకొద్దీ ఇంజన్ ఆన్ చేసి ఉంచే బళ్లు మన దగ్గర ఎన్ని లేవు!

బీఎస్-6 వచ్చాక ఈ లెక్కలో కొత్త చిక్కులు చేరాయి. సైలెన్సరు దారిలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడల్లా వేడి పెంచి లోపలి మసిని కాల్చేస్తారు, డ్రైవర్లు రీజెన్ అనేది దీన్నే. ఆ వేడి కోసం కొన్ని ఇంజన్లలో పిస్టన్ కిందికి దిగే వేళ సిలిండర్లోకి ఇంకాస్త డీజిల్ చిమ్ముతారు. అది పూర్తిగా ఆవిరి కాకుండా కొంత లైనరు గోడ తడిపి చాంబరులోకి దిగుతుంది. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి రీజెన్ ఎక్కువసార్లు అవుతుంది, మధ్యలో ఆగిపోతుంది, డీజిల్ కలిసిపోవడం ఎక్కువ. ఇక్కడ డిప్‌స్టిక్ మోసం చేస్తుంది. ఆయిలు లెవెల్ తగ్గలేదని ఓనరు మురిసిపోతాడు. నిజానికి కాలిపోయిన ఆయిలు జాగాలో డీజిల్ చేరి ఉండొచ్చు. లెవెల్ పెరిగిందంటే ఇక సందేహమే అక్కర్లేదు, కిలోమీటర్లు ఎన్నని చూడకుండా కారణం వెతకాలి, ఆయిలు మార్చాలి. డీజిల్ కలిసిన ఆయిలు పలచబడి బేరింగుల దగ్గర పొర నిలవదు. బిగ్ ఎండ్ బేరింగు కొట్టేసిందంటే క్రాంకు దాకా పోతుంది ఖర్చు.

డీపీఎఫ్ వల్లనే ఇంకో నియమం. ఆయిలులోని కాల్షియం, జింకు కాలితే బూడిదవుతుంది. మసిని కాల్చగలరు గాని బూడిదను కాల్చలేరు, అది ఫిల్టరులోనే పేరుకుపోతుంది. అందుకని 2006లో వచ్చిన సీజే-4 నుంచి, 2016 చివర వచ్చిన సీకే-4లో కూడా, ఆయిలులో బూడిద ఒక శాతం దాటకుండా పరిమితి పెట్టారు. పాత బండికి వాడే సీఐ-4 ఆయిలు మిగిలిందని బీఎస్-6 బండిలో పోస్తే ఇంజనుకు ఆ పూటకు ఏమీ కాదు, డీపీఎఫ్‌కు మాత్రం ఆయుష్షు తగ్గుతుంది. దాని ధరతో ఎన్ని ఆయిలు మార్పిళ్లు చేయించొచ్చో లెక్కేసుకుంటే ఆ పొదుపు ఎంతటిదో తెలుస్తుంది.

దుమ్ము గురించి ఒక్క మాట. ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత సరిగా కూర్చోకపోయినా, టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం పగిలినా, క్వారీ దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతుంది. రాతిదుమ్ములో ఉండే సిలికా ఇనుముకన్నా గట్టిది. రింగులకూ లైనరుకూ మధ్య చేరి సానపట్టేస్తుంది. అలాంటి ఇంజన్లో ఖరీదైన సింథటిక్ పోసి గడువు పొడిగించడమంటే దుమ్మును ఎక్కువ కాలం లోపల తిప్పడమే.

అంచనాలు కాకుండా అంకెలే కావాలంటే దారి ఒకటి ఉంది, ఆయిలు పరీక్ష. ఇది కొత్త సంగతి కాదు. 1946లో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండే రైల్‌రోడ్ పరిశోధనశాల వాడిన ఆయిలులోని లోహాలను వర్ణపటంతో చూసి, డీజిల్ రైలింజన్లలో ఏ భాగం అరిగిపోతోందో ఇంజన్ విప్పకుండానే కనిపెట్టింది. పద్ధతి ఇప్పటికీ అదే. ఆయిలు చుక్కను మండించి దాని వెలుగులో ఏ మూలకం గీతలున్నాయో చూస్తారు. ఇనుము పెరిగితే లైనర్లు, గేర్లు. అల్యూమినియం పిస్టన్ల జాడ, క్రోమియం రింగులది, సీసం, తగరం బేరింగులవి. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంటు లోపలికి దిగుతోందని అర్థం, హెడ్డు గ్యాస్కెట్టో ఆయిల్ కూలరో చూసుకోవాలి. సిలికాన్, అల్యూమినియం రెండూ కలిసి పెరిగితే దుమ్ము. సిలికాన్ ఒక్కటే, అదీ కొత్త ఇంజన్లో కనబడితే గాస్కెట్ల దగ్గర పూసిన సీలెంటుది కావచ్చు, కంగారు పడనక్కర్లేదు. కొత్త ఇంజన్లో రాగి కొంత కనబడటం కూడా మామూలే, ఆయిల్ కూలరు గొట్టాల్లోంచి కరిగి వస్తుంది. వీటితో పాటు మసి శాతం, టీబీఎన్, చిక్కదనం, డీజిల్ కలయిక చూస్తారు. నలభై గ్రేడు ఆయిలు నూరు డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. పైకి పోతే మసో ఆక్సీకరణమో, కిందికి పోతే డీజిల్ కలవడమో పాలిమర్లు తెగడమో.

ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. ఒకే బండికి మూడు నాలుగు వరస రిపోర్టులుంటే గ్రాఫు గీసినట్టు దారి కనబడుతుంది. శాంపిలు తీయడంలోనూ పద్ధతుంది. బండి తిరిగి వచ్చి ఇంజన్ వేడిగా ఉండగా డ్రెయిన్ బోల్టు విప్పి, మొదట కారే ఆయిలు వదిలేసి, ధార మధ్యలో శుభ్రమైన సీసా పట్టాలి. చివరి అడుగు ఆయిలు పట్టకూడదు. మధ్యలో పోసిన టాప్ అప్ సంగతి రాసి ఇవ్వాలి. ఇది ముఖ్యం: ఆయిలు బాగా తాగే ఇంజన్లో తరచూ కొత్త ఆయిలు పోస్తుంటారు కాబట్టి టీబీఎన్ ఎప్పుడూ బాగానే కనబడుతుంది. రిపోర్టు అందంగా వస్తుంది, ఇంజన్ మాత్రం బోరుకు వచ్చి ఉంటుంది.

ఇక గడువు పెంచదలచుకుంటే ఎలా? పుస్తకంలో ఉన్న అంకె దగ్గర మొదటి శాంపిలు తీయాలి. మసి, టీబీఎన్ హద్దుల్లో ఉంటే పుస్తకం గడువులో పదో వంతో అయిదో వంతో పొడిగించి మళ్లీ శాంపిలు. ఎక్కడో ఒకచోట టీబీఎన్ సగానికి చేరుతుంది, లేదా ఇనుము అంతకు ముందుకన్నా వేగంగా ఎక్కుతుంది. అక్కడినుంచి ఒక మెట్టు కిందికి దిగితే ఆ బండికి, ఆ రోడ్డుకు, ఆ ఆయిలుకు సరైన గడువు అదే. వారంటీలో ఉన్న బండికి ఈ ప్రయోగాలు వద్దు, పుస్తకం దాటారంటే క్లెయిము పోతుంది. నాలుగైదు బళ్లున్న ఓనరు అన్నింటికీ పరీక్ష చేయించక్కర్లేదు. ఒకే రూటులో ఒకే లోడు మోసే వాటిలో రెండింటిని చూస్తే మిగిలినవాటికి దారి తెలుస్తుంది. ఇరవై ముప్పై బళ్లున్నవాళ్లకైతే పెద్ద ఆయిల్ కంపెనీలే ఈ పరీక్షలు చేసి పెడతాయి, అడగాలంతే.

నన్నడిగితే మిర్చి లారీకి సింథటిక్ పోయించమంటాను. దూరప్రయాణం, నిలకడ వేగం, గంటలకొద్దీ వేడి టర్బో, పైగా పలచటి గ్రేడు సింథటిక్‌ను కంపెనీ ఒప్పుకుంటే డీజిల్ మీద కొద్దిగా ఆదా. అలాంటి బండికి పుస్తకం చెప్పిన పొడవాటి గడువు పూర్తిగా వాడుకోవచ్చు. టిప్పరుకు మాత్రం డబ్బు ఆ డబ్బా మీద పెట్టే ముందు ఎయిర్ ఫిల్టరు మీద, గొట్టాల క్లిప్పుల మీద పెట్టాలి. ప్రమాణానికి సరిపోయే మంచి మినరల్ ఆయిలు పోసి, గంటల లెక్కన, పుస్తకంలో కఠిన వాడకానికి చెప్పిన చిన్న గడువుకు మారిస్తే దాని ఇంజన్ ఎక్కువ కాలం బతుకుతుంది. రింగులరిగి, ఆయిలు తాగి, పొగ కక్కే పాత బండికి సింథటిక్ పోయడం దండగ. లెవెల్ చూసుకుంటూ మామూలు ఆయిలు పోసుకుంటూ బోరు పనికి డబ్బు కూడబెట్టుకోవడం నయం. ఏ బండికైనా గడువు నిండకపోయినా ఏడాదికోసారి మార్చాలి, నిలబడి ఉన్న బండిలో తేమ చేరుతుంది కాబట్టి.

ఆయిలుతో పాటు ఫిల్టరు మార్చకపోతే చేసింది సగం పనే. చాలా లారీల్లో మామూలు ఫిల్టరు కాక సెంట్రిఫ్యూగల్ ఫిల్టరు అని ఇంకొకటి ఉంటుంది. ఆయిలు ఒత్తిడికే లోపలి గిన్నె నిమిషానికి వేల చుట్లు తిరిగి, ఫిల్టరు కాగితం పట్టలేని మసిని గోడకు విసిరికొడుతుంది. దాన్ని విప్పితే లోపల గోడంతా తారు ముద్దలాంటి నల్లటి పొర కరుచుకుని ఉంటుంది, స్క్రూడ్రైవరుతో గీకితే తప్ప రాదు. ఆ పొర మందం ఎంతో ప్రతిసారీ చూసి రాసుకునే మెకానిక్కును వదులుకోకండి. గిన్నె నిండిపోయాక అది ఉన్నా లేనట్టే. విప్పాక తప్పనిసరిగా శుభ్రం చేసి సరిగ్గా కూర్చోబెట్టాలి, తూకం తప్పితే తిరగదు.

ఖాళీ డబ్బాల సంగతీ షెడ్డులోనే తేల్చుకోవాలి. పేరున్న కంపెనీల డబ్బాలు పాత సామాను దుకాణం దారిన మళ్లీ నిండి బజారులోకొస్తాయి. డబ్బా మీ కళ్లముందు సీలు తీయించుకుని, ఖాళీ అయ్యాక అడుగున మేకుతో రెండు బొక్కలు కొట్టిస్తే ఆ దారి మూసినట్టే.

కిందికి దింపిన ఆయిలును మన ఊళ్లలో సెంట్రింగు పలకలకు పూస్తారు, చెదలు పట్టకుండా దూలాలకు రాస్తారు, మిగిలింది కాలవలో పోతుంది. అది ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. సేకరించి మళ్లీ శుద్ధి చేయించే బాధ్యతను ఆయిలు తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసుకునేవాళ్ల మీద పెడుతూ 2023 సెప్టెంబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అవి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దింపిన ఆయిలులో నీళ్లు, కూలెంటు, బ్రేక్ ఆయిలు కలపకుండా విడిగా డ్రమ్ములో పోసి మూత పెట్టి ఉంచితే లైసెన్సున్న రీసైక్లరు డబ్బిచ్చి తీసుకుపోతాడు. అన్నీ కలిపేసిన డ్రమ్ముకు బేరమే ఉండదు.